నిలబడ్డ దూరం

ఓంవీర్ తోమర్ ఎంత వేగంగా వేసేవాడని
ఇప్పటి పిల్లలు అడుగుతారు.
మా రోజుల్లో కొలిచే యంత్రం
టీవీ వచ్చే మ్యాచ్‌లకే వచ్చేది.
నేను మాత్రం అడుగులు చెబుతాను:
మొదటి ఏడు, వికెట్లకి ఇరవై రెండు అడుగుల వెనక.
నా అడుగులు, చిన్నవే.

బాగ్‌పత్ చెరకు బళ్ళ వెంట పరిగెత్తి
కదిలే బండిలోంచి గడ లాగి
తోలేవాడి కర్ర అందకుండా తప్పుకున్న కాళ్ళవి.
రైల్వేస్ ఆ కాళ్ళకి జీతం ఇచ్చింది,
మొరాదాబాద్ పార్సిల్ ఆఫీసులో ఒక కుర్చీ,
ఏడాదికి రెండు పాసులు.
కుర్చీలో ఎప్పుడైనా కూర్చున్నాడో లేదో తెలీదు.

అతన్ని నేనెప్పుడూ ఎదురుగానే చూశాను.
దూరంగా ఒక చుక్క,
చుక్కలోంచి మోకాళ్ళు, మోచేతులు,
ఆనక ఒక మూలుగు,
మూలుగు వెనకే బంతి.

లాహ్లీలో, జనవరిలో,
మంచు తెర లేవక ముందు
బ్యాట్ దాటిపోయాక వంగిన బంతి ఒకటి
నా చిటికెన వేలు విరిచింది.
ఐసు లేదు. ఎక్కణ్ణుంచో పెద్ద లస్సీ గ్లాసు తెచ్చి
"ముంచు" అన్నాడు.
వేలు ముంచుకుని కూర్చున్నాను.
మిగిలింది అతనే తాగేశాడు.

ఎడమ బూటుకి బొటనవేలి దగ్గర
బ్లేడుతో కోసిన కిటికీ.
సీజనుకొక గోరు రాలేది.
తువ్వాలు కప్పుకుని నవ్వేవాడు:
"కొత్తది వస్తుందిలే, దీనికి ఇండెంటు పెట్టక్కర్లేదు."

ఇక ఆ రోజు.
కర్నైల్ సింగ్ మైదానం, గొడుగు కింద ఇద్దరు సెలక్టర్లు,
వాళ్ళ ముందు బిస్కెట్ల పళ్ళెం.
లంచ్‌కి ముందే నాలుగు వికెట్లు తీశాడు.
అయిదోది అంచుకి తగిలి నా దగ్గరికొచ్చింది,
ఛాతీ ఎత్తులో, చంటిపిల్లని అందించినట్టు.
పడేశాను.
బ్యాట్స్‌మన్ నూట ఎనభై మూడు కొట్టాడు.
ఓంవీర్ ముప్ఫై ఒక్క ఓవర్లు వేశాడు.
క్యాచ్ జారినప్పుడు నాకేసి చూడలేదు,
వెనక్కి తిరిగి నడిచాడు.
పందొమ్మిది అంగలు. నేను లెక్కపెట్టాను.

ఆ నెల జాబితాలో పేరు లేదు.
ఆ పై నెల కూడా.
ఆ తర్వాత నడుములో పగులు,
ఎక్స్‌రేలో తలవెంట్రుకంత.
ఎనిమిది నెలలు బల్ల మీద పడుకుని లేచి వచ్చాడు.
నేను పద్దెనిమిది అడుగులకి వచ్చాను.
మర్నాటి ఏడు పదిహేను.
ఎవరూ గమనించలేదు, మేమిద్దరం తప్ప.
బౌలర్‌కి వయసు మీద పడటం
మొదట కీపర్ మడమలకి తెలుస్తుంది.

చివరి మ్యాచ్ కటక్‌లో.
ఉక్కపోత, పాత బంతి, ముందుకురకని పిచ్.
కెప్టెన్ కుర్రాడు నా దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు,
"దాదా, వికెట్ల దగ్గరికెళ్ళి నిలబడు."
ఫాస్ట్ బౌలర్‌కి కీపర్ వికెట్లని ఆనుకుని నిలబడటమంటే
ఇంకా కూర్చుని ఉన్నవాడి ముందు విస్తరి తీసేయడమే.
వినబడనట్టు గ్లవ్స్ సర్దుకున్నాను.
పన్నెండు అడుగుల దగ్గరే ఉండిపోయాను.

తర్వాతి బంతి రెండో టప్పా మీద నన్ను చేరింది.
దాని తర్వాతది కాళ్ళ ముందు దొర్లింది.
స్లిప్‌లో ఎవరో దగ్గారు.

ఓంవీర్ రనప్ గుర్తు దగ్గర ఆగాడు.
అంత దూరం నుంచి చెయ్యెత్తి
అరచేతిని తనవైపుకి ఊపాడు,
రా, ముందుకి రా.

వెళ్ళాను. హెల్మెట్ పెట్టుకుని,
స్టంపుల మీదికి వంగి కూర్చున్నాను.
పదకొండేళ్ళలో మొదటిసారి
మూలుగుకి ముందుండే ఊపిరి కూడా వినిపించింది.

ఓవర్ అయ్యాక పక్కనుంచి పోతూ
వంకర తిరిగిన నా వేలికేసి చూసి అడిగాడు,
"చలికి ఇంకా లాగుతోందా?"

కటక్‌లో చలెక్కడిది.
అయినా అవునన్నాను.